షెడ్డులో చెప్పకూడని మాట

ఇంజను వేడెక్కిందని తమ్ముడు అన్నప్పుడు అక్క ముందు మీటరు వైపు చూసింది. ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే బుద్ధిగా ఉంది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేదు, మాడిన వాసన లేదు, చప్పుడులో తేడా అంతకన్నా లేదు. మెకానిక్కుకి కూతురై పుట్టి, మెకానిక్కుకి అక్కై పెరిగి, ఆ షెడ్డు వెనక గదిలోనే ఇన్నేళ్ళుగా బండ్లకి సీటు కవర్లు కుడుతున్న మనిషికి వేడెక్కిన ఇంజను ఎలా ఆయాసపడుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"పైన నేషనల్ పార్కులో టెంట్లు వేసుకునే చోటుందట అక్కా. ఇవాళ్టికి అక్కడ ఆగుదాం. పొద్దున బండి చల్లబడ్డాక బయల్దేరదాం" అన్నాడు తమ్ముడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఆగుదాంలే. నాకేమన్నా రైలు తప్పిపోతుందా" అంది అక్క.

నిజానికి తప్పిపోయేదే ఉంది. ఎల్లుండి పొద్దున ఆపరేషను. రేపు మధ్యాహ్నానికల్లా కొండలకవతల ఉన్న పెద్దాసుపత్రిలో ఇద్దరూ చేరిపోవాలి. తమ్ముడి కిడ్నీ ఒకటి తీసి అక్కకి పెడతారు. అక్క కిడ్నీలు రెండూ చేతులెత్తేసి చాలా కాలమైంది. వారానికి మూడు పూటలు మిషను పక్కన పడుకుని, ఒంట్లో రక్తమంతా బయటికి పంపి, కడిగించుకుని మళ్ళీ లోపలికి తెచ్చుకోవడమే ఆవిడ బతుకు. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో రెండు నరాల్ని కోసి కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల గుర్రుమని వణుకుతుంది. "నా ఇంజను ఆగలేదు, వినండి" అని షెడ్డుకి వచ్చినవాళ్ళ చేత ముట్టించి నవ్వేది. ఈ మధ్య ఆ వణుకు సన్నబడుతోంది. కుడిచేతిది ఎప్పుడో మూసుకుపోయింది. ఇది కూడా పోతే మిషను తగిలించడానికి ఒంట్లో ఇంకో చోటు వెతుక్కోవాలి, ఆ వెతుకులాట ఎక్కువ కాలం సాగదు అని డాక్టరమ్మ మొహమాటం లేకుండానే చెప్పేసింది. అమ్మా నాన్నా లేరు. కట్టుకున్నవాడిది మూణ్ణాళ్ళ ముచ్చట. రక్తం కలిసింది తమ్ముడొక్కడితోనే. కాబట్టి ఆవిడ ప్రాణం ఇప్పుడు పక్కసీట్లో కూర్చుని గేర్లు మారుస్తోంది.

సొరంగం దారిన వెళ్ళి ఉంటే పొద్దు వాలకముందే ఆసుపత్రి ఊళ్ళో దిగేవాళ్ళు. దారి చీలిన చోట తమ్ముడు పాత ఘాటు రోడ్డు పట్టాడు. ఎందుకురా అంటే చూడ్డానికి బాగుంటుందన్నాడు. ఇంజన్లో తప్ప ఇంకెక్కడా అందం చూడని మనిషి అలా అనేసరికి అక్క కాస్త ఆశ్చర్యపోయింది, కాస్త సంతోషించింది కూడా. ఇప్పుడేమో చల్లగా ఉన్న ఇంజను వేడెక్కిందంటున్నాడు. వాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే అక్క ఆవిడ. లెక్కలో ఏదో తేడా వస్తోందని అనిపించింది, కానీ అడగలేదు.

పార్కు గేటుకి అడ్డంగా ఒక ఇనప గొట్టం, పక్కన చెక్క గది, గది ముందు ఒక పాత జీపు, ఆ జీపు బానెట్టులోకి తలదూర్చి ఒక గార్డు. ఉన్ని టోపీ పెట్టుకున్న నడివయసు మనిషి. చాలా రోజులుగా మాట్లాడ్డానికి మనిషి దొరకనట్టున్నాడు, గొట్టం ఎత్తకముందే పాఠం మొదలెట్టాడు.

"మంట రాళ్ళ మధ్యనే వెలిగించండి. తిండి బయట పెట్టకండి. ఇనప్పెట్టె ఉంటుంది, అందులో పెట్టి గడియ వెయ్యండి. సబ్బు, పేస్టు కూడా అందులోనే. ఎలుగుబంటికి అవన్నీ తిండి కిందే లెక్క. ఫోన్లు పనిచెయ్యవు. కిందికి దిగేటప్పుడు రెండో మలుపు దాటితే సిగ్నలొస్తుంది. ఇంకేమన్నా కావాలంటే నన్ను పిలవండి, నేనే నడిచి వస్తా. ఇది రాదు, పొద్దుట్నుంచీ మొరాయిస్తోంది" అని జీపుని మోచేత్తో పొడిచాడు.

తమ్ముడి మొహంలో ఉదయం నుంచీ లేని వెలుగు కనిపించింది. "సామాను దించి వచ్చి చూస్తా" అన్నాడు.

టెంట్ల మైదానం ఏటవాలుగా, వాగు వైపు జారుతూ ఉంది. ఆకులకి బదులు సూదులున్న పొడుగాటి చెట్లు. వాటి మీదుగా నెత్తిన మంచు కప్పుకున్న కొండలు వరసగా. మైదానం ఆ చివర ఇంకో రెండు టెంట్లున్నాయి, మనుషులెవరూ కనిపించలేదు. వాగు రాళ్ళ మీద పడి పెద్ద గోల చేస్తోంది. ఆ చప్పుడు వినగానే అక్కకి నాలుక ఎండిపోయింది. ఒంట్లోంచి నీళ్ళు బయటికి పోయే దారి లేని మనిషి కాబట్టి రోజు మొత్తానికి ఆవిడకి ఒక చిన్న సీసా. అందులో సగం ఘాటు రోడ్డే తాగేసింది.

తమ్ముడు వ్యాను నీడలో మడత కుర్చీ వేసి, దాని మీద దిండు పెట్టి అక్కని కూర్చోబెట్టాడు. గ్యాసు పొయ్యి వెలిగించి టీ కాచాడు. తన గ్లాసు నిండా పోసుకోకుండా ఆవిడకి పోసినంతే, అరగ్లాసే పోసుకున్నాడు. కుర్చీ ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని, గ్లాసుని రెండు చేతుల మధ్య తిప్పుతూ, "అక్కా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. ఇంజను ఎందుకు వేడెక్కిందో, ఘాటు రోడ్డు ఎందుకు అందంగా కనిపించిందో, ఊరికి ఇంత దూరంగా, ఆరుబయట, చేతికి టీ గ్లాసు ఎందుకు వచ్చిందో.

నాన్న పద్ధతి అది. షెడ్డులో నాన్న ఒక నియమం పెట్టుకున్నాడు. బండి ఇక బాగుపడదు, దాని పని అయిపోయింది అని తేలితే ఆ మాట షెడ్డు కప్పు కింద చెప్పేవాడు కాదు. పదిమంది వింటారు, పానాలు పట్టుకుని కుర్రాళ్ళు చూస్తుంటారు, ఆ బండి మీద బతుకుతున్నవాడు వాళ్ళ ముందు ఏడవలేడు, ఏడవకుండానూ ఉండలేడు అనేవాడు. అందుకని "పద, ఒక రౌండు వేసొద్దాం" అని యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, ఊరి బయట ఖాళీ జాగాకి తీసుకెళ్ళి, ఫ్లాస్కులోంచి టీ పోసి, అది తాగడం అయ్యాక చెప్పేవాడు. చావుకబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకోవాలి. వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. మేస్త్రీ రౌండుకి రమ్మంటే రుమాలు తెచ్చుకో అని ఎగతాళి చేసేవాళ్ళు. నాన్న పోయాక తమ్ముడు మేస్త్రీ అయ్యాడు, ఫ్లాస్కూ వాడికే వచ్చింది. ఎంతమంది యజమానులు వాడి పక్కన కూర్చుని నవ్వుతూ వెళ్ళి, ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చారో, వాళ్ళ సీట్లు కుట్టిన మనిషిగా ఆవిడకి బాగా తెలుసు.

తనని రౌండుకి తీసుకొచ్చాడు. ఇవ్వనని చెప్పబోతున్నాడు.

ఆవిడకి భయమేసింది, మామూలు భయం కాదు. బతకాలని ఉంది ఆవిడకి. అందులో గొప్ప కారణాలేమీ లేవు. పొద్దున లేచి, కడుపునిండా నీళ్ళు తాగి, మిషను మొహం చూడకుండా సాయంత్రం దాకా రెక్సిను కత్తిరించుకుంటూ కూర్చోవాలని ఉంది, అంతే. ఆ మాత్రం కోరిక ఒక్క మాటతో పోబోతోంది. వాడి నోట్లోంచి ఆ మాట ఇంకా రాలేదు.

రానిస్తే కదా అనుకుంది అక్క.

వాడి సంగతి ఆవిడకి తెలుసు. కాదనడం చేతకాని మనిషి. చిన్నప్పుడు ఇష్టం లేని బడికి కూడా, ఇష్టం లేదని చెప్పలేక, పదో తరగతి దాకా వెళ్ళాడు. రేపు మధ్యాహ్నం దాకా ఆ మాట గొంతు దాటకపోతే ఆసుపత్రి మెట్లెక్కుతాడు, సంతకం పెడతాడు, బల్లెక్కి పడుకుంటాడు. వాడి మంచితనం మీద ఆవిడకి అంత నమ్మకం. దాన్ని ఎలా వాడుకోవాలో కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"మాట సంగతి తర్వాత, ముందా టెంటు తీసి చూపించు" అంది. "ఎవడి దగ్గర తెచ్చావురా దాన్ని? ఇదేం కుట్టు? దారం ఒంటి పేట. మూల దగ్గర రెండో కుట్టే లేదు. ఇలాంటి కుట్టు నేను వేస్తే నాన్న నా చేతులు విరగ్గొట్టేవాడు. వాన పడితే లోపల చేపలు పట్టుకోవచ్చు. సూది దారం నా సంచీలో ఉన్నాయి, ఇటు పట్టుకురా."

తెచ్చాడు. ఆవిడ కుట్టింది. కుడుతున్నంతసేపూ వాగింది. స్వతహాగా పొదుపుగా మాట్లాడే మనిషి, ఆ సాయంత్రం మాత్రం నోటికి తాళం లేకుండా పోయింది. మిషను గదిలో పక్క మంచం ముసలాయన రోజూ దొంగతనంగా మామిడిపండు తిని నర్సు చేతికి ఎలా దొరికిపోతాడో చెప్పింది. లారీ ఓనరొకడు పులిచర్మం డిజైను కావాలని గోల చేసి, తీరా కుట్టాక భయమేస్తోందని తిరిగిచ్చిన కథ చెప్పింది. తమ్ముడు మేకు కొడుతూ మధ్యలో సుత్తి ఆపి "అక్కా..." అనేవాడు. "ఆ మేకు వంకర, తీసి కొట్టు" అనేది. మళ్ళీ "అది కాదక్కా..." అనేవాడు. "కాళ్ళు లాగుతున్నాయిరా, దుప్పటి ఇవ్వు" అనేది. వాడి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది, ఆవిడ దాన్ని అక్కడే ఉంచడానికి శాయశక్తులా పాటుపడుతోంది. చూసేవాళ్ళకి నవ్వు రావాలి. చూడ్డానికి అక్కడెవరూ లేరు.

చివరికి వాడు పానాల పెట్టె తీసుకుని జీపు చూసొస్తానని లేచాడు. గేటు దగ్గర ఒక్కడే ఉంటే ధైర్యం కూడగట్టుకుంటాడని ఆవిడకి భయం పట్టుకుంది. దుప్పటి కప్పుకుని, దారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ వాడి వెనకే నడిచింది.

వాడు జీపు కిందికి దూరిపోయాడు. ఉక్కిరిబిక్కిరిగా ఉన్న మనిషి ఇంటికి చేరినట్టు, కిందికి వెళ్ళగానే వాడి గొంతు కూడా మారిపోయింది. "డీజిలు పైపులో గాలి చేరిందన్నా, అంతే. గాలి తీసేస్తే లేస్తుంది" అంటున్నాడు. గార్డు ఆవిడకి స్టూలు వేసి, "ఎటు వెళ్తున్నారమ్మా?" అని మాట కలిపాడు.

"పెద్దాసుపత్రికి" అంది అక్క. జీపు కిందికి కూడా వినపడేలా గొంతు పెంచింది. "మా తమ్ముడు నాకు కిడ్నీ ఇస్తున్నాడు. ఎల్లుండే ఆపరేషను."

కింద పానా చప్పుడు ఆగిపోయింది.

గార్డు టోపీ తీశాడు. "మా అన్న పాత గడియారం ఇవ్వమంటే ఏడాది ముఖం చాటేశాడమ్మా. ఇలాంటివాళ్ళు కూడా ఉన్నారా ఇంకా" అన్నాడు. తమ్ముడు బయటికి వచ్చేదాకా నిలబడి, గ్రీజు అంటుకున్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు. "అన్నా, నువ్వు మామూలు మనిషివి కాదు" అన్నాడు.

"ఇంకా... చూడాలండి" అని తమ్ముడు నీళ్ళు నమిలాడు.

"చూడ్డానికేముంది, అన్నీ చూసేశారు" అంది అక్క. "రక్తం, స్కానింగు, గుండె, అన్నీ. ఇక కొయ్యడమే తరువాయి."

ఒక్క దెబ్బకి సాక్షిని సంపాదించింది. చిన్నప్పుడు వీధిలో ఎవడైనా తమ్ముడి మీద చెయ్యి వేస్తే తనే వెళ్ళి కొట్టొచ్చేది, ఇప్పుడు వాణ్ణి గోడకి నొక్కి పట్టుకుంది తనే. సిగ్గేసింది. సిగ్గేసినా వదల్లేదు. జీపు స్టార్టయ్యింది, గార్డు పొంగిపోయి గదిలోంచి తన సొంత కంబళి తెచ్చి "ఈయనకి చలి తగలకూడదు" అని తమ్ముడి భుజాల మీద కప్పాడు. వెనక్కి వచ్చే దారంతా ఆ కంబళి కింద వాడు బరువు మోస్తున్నవాడిలా నడిచాడు.

వెలుగుండగానే తినేశారు. ఉప్పు వెయ్యని గుడ్లు ఆవిడకి, ఉప్పు వేసినవి వాడికి, ఇద్దరికీ రొట్టె. పైన కొండల మీద ఎండ ఎర్రబడింది. తమ్ముడు చాలాసేపు అటే చూసి, "అక్కా, నాన్న ఉంటే ఇప్పుడు..." అని మొదలెట్టాడు.

"ఉంటే నిన్ను చూసి పొంగిపోయేవాడు" అంది అక్క, అడ్డం పడి.

వాడు గిన్నెలు తీసుకుని వాగుకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ వ్యాను వెనక సీటు మీద దుప్పటి ముసుగేసుకుంది. నిద్ర పోలేదు. మూడో మనిషిని తిట్టుకుంటూ పడుకుంది. వీడి పెళ్ళాన్ని. బయల్దేరేటప్పుడు వీధి వీధంతా వచ్చి సాగనంపితే, మరదలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు తనకోసం అనుకుంది. ఇప్పుడు తెలిసింది ఎందుకో. మొగుడి ఒంటిమీద కత్తి పడుతుందని ఆ ఏడుపు. రోజూ దిండు మీద వాడి చెవిలో పోసి ఉంటుంది. లేకపోతే నా తమ్ముడు నాకు కాదంటాడా? బయటినుంచి వచ్చిన మనిషికి రక్తం విలువ ఏం తెలుస్తుంది? ఇలా తిట్టుకుంటుంటే కొంచెం ఊరట కలిగింది, ఆ ఊరటలోనే కన్ను మూత పడింది.

తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. ఆవిడ వ్యాను దిగి టెంటు దగ్గరికి వచ్చింది. టెంటు జిప్పు సగంలో ఇరుక్కుపోయి తెరుచుకునే ఉంది. లోపల తమ్ముడు గార్డు కంబళిలో ముడుచుకుని పడుకున్నాడు. నోరు తెరుచుకుని, తల దిండు మీంచి జారిపోయి, మంచి నిద్రలో ఉన్నాడు. కుడిచెయ్యి మాత్రం నిద్రపోలేదు. చొక్కా కిందికి దూరి, డొక్క దగ్గర, ఎక్కడ కోస్తారో సరిగ్గా అక్కడ అదిమి పట్టుకుని ఉంది. రద్దీ బస్సులో జేబు పట్టుకుని కునికేవాడిలా.

అక్క అలాగే నిలబడిపోయింది. ఆ జేబు మీద కన్నేసింది ఎవరో వాడికి నిద్రలో కూడా తెలుసు.

ఏడుపొచ్చింది. ఏడ్చింది. నిన్న సాయంత్రమంతా తను వాగిన వాగుడు, గార్డు ముందు బిగించిన ఆ ఉచ్చు, అంతా గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. వీడు పాలు కక్కుకుంటుంటే మూతి తుడిచిన చెయ్యి తనది. వీడికో కూతురుంది, ఇంకా బడికి కూడా వెళ్ళని పిల్ల. పోనీ, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంటాను, వీణ్ణి ఇలా నిద్రలో కూడా భయపెట్టి మాత్రం కాదు అనుకుంది. అలా అనుకోగానే ఒళ్ళు తేలికైనట్టనిపించింది. చాలా రోజుల తర్వాత తను కాస్త పెద్దమనిషిలా అనిపించింది తనకి.

"లేవరా" అని భుజం తట్టింది.

ఉలిక్కిపడి లేచాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ముందు డొక్కే తడుముకున్నాడు.

"ఆపరేషను వద్దులే. ఇంటికెళ్ళిపోదాం" అంది అక్క. "నిన్న నువ్వేం చెప్పబోయావో నాకు తెలుసు. చెప్పనివ్వలేదు, నాదే తప్పు. నీకు పిల్లుంది. నీ పెళ్ళాం వద్దంటుంది, ఎవరన్నా అంటారు, ఆ అమ్మాయిని నేనేమీ అనుకోను. ఆసుపత్రివాళ్ళకి ఫోన్ చేసి మేం రావట్లేదని చెప్పెయ్యి. నేను చెప్పాను కదా, ఇక నీకేం భయం లేదు."

తమ్ముడు మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

"చెప్పేశానక్కా" అన్నాడు. "పోయిన వారమే ఫోన్ చేసి చెప్పేశాను, నా వల్ల కాదని. మనకిచ్చిన రోజు వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

అక్కకి మొదట అర్థం కాలేదు.

"డాక్టరమ్మే అంది, మీ అక్కకి మేం చెబుతాం, కలవలేదని చెబుతాం, మీకు ఇబ్బంది ఉండదు అని. వద్దన్నాను. అబద్ధం ఎందుకు, నేనే చెప్పుకుంటానన్నాను. రోజూ చెబుదామనే అనుకున్నాను. నువ్వు సంచీ సర్దుకున్నావు. వీధిలోవాళ్ళంతా వచ్చారు. బండి తియ్యాల్సొచ్చింది."

"మరి నిన్నంతా నన్నెందుకు వాగనిచ్చావురా?"

"నువ్వు చెప్పనిచ్చావా?"

నిన్న సాయంత్రమంతా ఆవిడ భుజం ఆనించి మూసి ఉంచిన తలుపు వెనక గదిలో అప్పటికే ఏమీ లేదు. ఈ పొద్దున చేసిన త్యాగం అంతకన్నా హీనం. తన దగ్గర లేనిదాన్ని దానం చేసింది. ఒళ్ళు తేలికవడం, పెద్దమనిషి తరహా, అన్నీ ఒక్కసారే దిగిపోయాయి. ఒట్టి భయం మిగిలింది, నిన్నటి భయమే.

"ఆ అమ్మాయి మాట కాదనలేకపోయావన్నమాట" అంది, అదైనా మిగుల్తుందేమోనని.

"దానికి తెలీదక్కా. అది ఇవ్వమనే అంది. ఇచ్చి రా, ఇల్లూ షెడ్డూ నేను చూసుకుంటానంది. రేపు ఆపరేషననే అనుకుంటోంది ఇప్పటికీ." వాడు డొక్క మీద చెయ్యి తియ్యలేదు. "డాక్టరమ్మ ఎక్కడ కోస్తారో పెన్నుతో గీత గీసి చూపించింది. అప్పట్నుంచీ నిద్ర లేదు. ఒకసారి విప్పిన ఇంజను, ఎంత మొనగాడు బిగించినా, కంపెనీ బిగింపు రాదక్కా. ఎక్కడో చోట కారుతుంది. రోజూ చూసేవాణ్ణి. నన్ను విప్పుతారంటే... నాకు భయమేసింది. ఇంకేం లేదు. భయమేసింది అంతే."

ఒంటికి, ఇంజనుకి లంకె లేదురా వెధవా అనాలనుకుంది. ఆసుపత్రిలో అందరూ చెప్పారు, వాడూ తలూపాడు. అయినా ఆ షెడ్డులో పుట్టిన మనిషిగా ఆవిడకి కూడా లోపల ఎక్కడో అదే నమ్మకం. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. మరదలు ఏడ్చిన ఏడుపు తనకోసమే అని మాత్రం ఇప్పుడు తెలిసింది.

లేచి వాగు దగ్గరికి వెళ్ళింది. మొహం కడుక్కుంది. దోసిలి నిండా నీళ్ళు పట్టి నోట్లోకి తీసుకుంది. పళ్ళు జివ్వుమన్నాయి. ఇప్పుడెవరు లెక్కడుగుతారు, తాగెయ్యొచ్చు అనుకుంది. నీళ్ళు బుగ్గల్లో వేడెక్కేదాకా అలాగే ఉంచుకుని, తర్వాత రాయి పక్కన ఉమ్మేసింది. రేపు మళ్ళీ మిషను ఉంది.

తిరిగొచ్చేసరికి తమ్ముడు టెంటు మడిచేశాడు. ఆవిడ వేసిన కుట్ల మీద చేత్తో రాస్తూ నిలబడ్డాడు.

"అక్కా, ఇంకొక్కటి" అన్నాడు. "దానికి చెప్పకు. ఇంట్లో తెలిస్తే నేను తలెత్తుకోలేను. డాక్టర్లే వద్దన్నారని చెబుదాం. కలవలేదని."

పోయిన వారం వద్దన్న అబద్ధాన్నే ఇప్పుడు అడుగుతున్నాడు. అడగడానికి వాడికి మిగిలిన మనిషి కూడా తనే. అక్క వాడి వైపు చూసింది. రాత్రికి రాత్రి పదేళ్ళు పెరిగినట్టున్నాడు.

"బండి తియ్యి, ఎండెక్కుతోంది" అంది.

గేటు దగ్గర గార్డు జీపులో కూర్చుని ఉన్నాడు, ఇంజను ఆన్‌లోనే ఉంది, దాని చప్పుడు వింటూ మురిసిపోతున్నట్టున్నాడు. దిగి వచ్చి గొట్టం ఎత్తాడు. కంబళి తిరిగిస్తే తీసుకోనన్నాడు, ఆసుపత్రిలో పనికొస్తుందన్నాడు. తమ్ముడు వ్యానుని ఎడమకి తిప్పాడు.

"అన్నా, అటు కాదు" అని గార్డు పరిగెత్తుకొచ్చి కిటికీ దగ్గర ఆపాడు. "ఆసుపత్రికి ఇటు. అది మీరొచ్చిన దారి."

తమ్ముడు స్టీరింగు వైపే చూస్తున్నాడు.

"తెలుసు నాయనా" అంది అక్క. "కాగితాలు మర్చిపోయాం. తెచ్చుకోవాలి."

గార్డు నుదురు కొట్టుకుని నవ్వాడు. అంతా మంచే జరుగుతుందమ్మా అన్నాడు. అద్దంలో చాలాసేపు గార్డు చెయ్యి ఊగుతూ కనిపించింది.

రెండో మలుపు దాటగానే ఆవిడ ఒళ్ళో ఫోను మోగింది. మరదలు.

"వదినా, చేరిపోయారా? రాత్రంతా ఒక్కసారి కూడా కలవలేదు, ప్రాణం కొట్టుకుపోయింది నాకు."

తమ్ముడు వ్యాను వేగం తగ్గించాడు. వాడి చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. ఆ చేతుల్ని చూస్తూ ఆవిడ చెప్పింది.

"వద్దన్నారమ్మా. నిన్న దారిలో ఉండగానే ఫోన్ చేశారు. ఆఖరి పరీక్షలో తేడా వచ్చిందట, వాడిది నాకు పనికిరాదట. వెనక్కి వచ్చేస్తున్నాం."

అవతల ఏడుపు. పైట నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. అయ్యో వదినా, అయ్యో వదినా అంటోంది, ఇంకో మాట రావట్లేదు. అక్క ఓపిగ్గా విన్నది. ఏడవకమ్మా, మిషను ఉందిగా అంది.

"మిమ్మల్ని నా చేతుల్తో చూసుకుంటాను వదినా" అంది మరదలు, ముక్కు చీదుకుని. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయనెలా ఉన్నారు? మీకోసం నెల రోజులుగా కంటిమీద కునుకు లేదు ఆయనకి. నా కిడ్నీ అక్కకి సరిపోతుందో లేదో అని ఒకటే బెంగ. ఇప్పుడిలా అయిందంటే తట్టుకోలేరు. వదినా, మీరే కాస్త ధైర్యం చెప్పండి."

"చెబుతాలే" అంది అక్క.

ఫోను సంచీలో పెట్టుకుంది. తమ్ముడి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి చొక్కా మీద పడుతున్నాయి, రోడ్డు కనిపించక కళ్ళు చికిలిస్తున్నాడు. ఆవిడ దుప్పటి కొస అందుకుని వాడి మొహం తుడిచింది.

"ఏం కాలేదు. మెల్లగా పోనీరా, ముందు మలుపులున్నాయి" అంది.